యాక్-1 పైకి ఎక్కనంటోందా? సూపర్‌ఛార్జర్ గేర్ చూడండి

ఐఎల్-2 అనే విమాన సిమ్యులేటర్ గేమ్‌లో మీ యాక్-1 (రెండో ప్రపంచయుద్ధపు సోవియట్ ఫైటర్ విమానం) పైకి ఎక్కడం లేదన్నారు. సూపర్‌ఛార్జర్, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం, మొదటి గేర్‌లోనే ఉండిపోయినట్టుంది. 4,000 మీటర్లు దాటాక మీ యాక్-1 నీరసపడటం, మీతో పోటీపడే భీమవరం కుర్రాళ్ల జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109లు మిమ్మల్ని దాటి 6,000కి ముందే చేరడం, రెండూ చాలావరకు దానివల్లే. 109లో సూపర్‌ఛార్జర్ సంగతి ఇంజినే చూసుకుంటుంది. యాక్‌లో గేర్ మనమే మార్చాలి.

1. ఐఎల్-2 కంట్రోల్స్‌లో సూపర్‌ఛార్జర్ గేర్‌కు కీ ఉందో లేదో ముందు చూడండి. చాలామంది తప్పేది ఇక్కడే.

2. 2,000 మీటర్లు దాటాక మానిఫోల్డ్ ప్రెజర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) ముల్లు మీద కన్నేసి ఉంచండి. థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే మీట) ఫుల్‌గా ఉన్నా ముల్లు మెల్లగా కిందికి జారుతుంటుంది. ఇంకాస్త పైకెళ్లాక రెండో గేర్ వేయండి, ముల్లు మళ్లీ పైకి లేస్తుంది. నేల దగ్గరే వేసేస్తే మాత్రం నష్టం: ఆ గేర్ తిప్పడానికే ఇంజిన్ బలం పోతుంది.

3. 3,000–4,000 మీటర్ల పైన మిక్స్చర్ (గాలిలో కలిసే ఇంధనం పాలు) కొద్దికొద్దిగా తగ్గించండి, పైన గాలి పలచబడుతుంది కాబట్టి. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి నేలమీద ఉన్నదాంట్లో దాదాపు సగమే.

4. ఇంజిన్ నీటిని చల్లబరిచే రేడియేటర్ పూర్తిగా తెరిచి వదిలేయకండి, గాలికి అడ్డం పడుతుంది. నీటి వేడి చూసుకుంటూ సరిపడా తెరవండి.

5. తొందరపడి ముక్కు నిలువుగా ఎత్తొద్దు. స్పీడ్ పడిపోతే ఎక్కడమూ మందగిస్తుంది.

ఆదివారం పందెంలోపు ఒక్కసారి ఒంటరిగా 6,000 దాకా ఎక్కి చూడండి. రెండో గేర్‌లోనూ ముల్లు లేవకపోతే థ్రాటిల్ యాక్సిస్ (గేమ్‌లో థ్రాటిల్‌కు ఇచ్చిన మీట కదలిక) చివరిదాకా వెళ్తోందో లేదో చూడాలి.