తీసేసిన మూడు కాయితాలు

నరసాపురం,
ఆదివారం రాత్రి

అమ్మాయీ,

నీ కవరు బుధవారం అందింది. ఉత్తరం మొదట్లో ‘మేడమ్’ అని రాసి, కొట్టేసి, పక్కన ‘అత్తయ్యగారూ’ అని రాశావు. అలాగే పిలువు. నాకూ అదే బాగుంది.

‘ఫారెన్‌హీట్ 451’ నవలని క్లాసులో చెప్పిన సంగతి మీద నువ్వు రాసిన వ్యాసంతోపాటు, నీ పదో తరగతి పిల్లలు రాసిన ముప్పై ఒక్క కాయితాల జెరాక్సులు కూడా పెట్టావు. నేను ముందు పిల్లల కాయితాలే చదివాను. ఆ తర్వాత నీ వ్యాసం తీశాను. ఈ వరస ఎందుకు చెబుతున్నానంటే, నీకు చెప్పాల్సిందంతా దానివల్లే తెలిసింది.

ముందు నాకు నచ్చిన చోట్లు. పుస్తకాలు తగలబెట్టడమే ఆ నవలలో ఫైర్‌మన్ ఉద్యోగం అని నువ్వు చెప్పగానే క్లాసంతా నవ్వడం, చివరి బెంచీలో ఒకడు ‘మరి ఇళ్లు అంటుకుంటే ఎవరు ఆర్పుతారు మేడమ్?’ అనడం, ఆ మాటతో నవ్వు ఆగిపోవడం. ఆ పేరా ముట్టుకోకు. 451 సంగతి చెప్పిన తీరు కూడా బాగుంది. మన పిల్లలకి ఫారెన్‌హీట్ అంటే జ్వరం చూసే థర్మామీటరే. నూట నాలుగు వస్తేనే ఇంట్లో అందరికీ టెన్షన్. కాయితం అంటుకోవడానికి 451 కావాలని రచయిత పెట్టిన లెక్క, అంటే మన సెల్సియస్‌లో సుమారు 233. దాన్ని వాళ్ల చేతే బోర్డు మీద వేయించావు. టీచరు ఉద్యోగం, రాసే పని రెండూ అక్కడ కలిశాయి.

నవల కథ మాత్రం నాలుగు పేజీలు చెప్పావు. ఒక్క పేజీకి దించు. 1953లో రే బ్రాడ్‌బరీ రాసిన ‘ఫారెన్‌హీట్ 451’, గోడంత టీవీలున్న ఇళ్లు, పుస్తకం దొరికితే ఇల్లు కాల్చేసే ఫైర్‌మన్లు, వాళ్లలో ఒకడైన మాంటాగ్ పుస్తకం దాచుకోవడం, చివరికి ఊరవతల పుస్తకాలను కంఠతా పట్టి తిరిగే మనుషుల్లో కలవడం. ఇంత చాలు. నీ దగ్గర ఉన్న కొత్త సరుకు పిల్లల మాటలు. చోటు వాటికి ఇవ్వు.

ఇప్పుడు అసలు సంగతి. ముప్పై ఒక్క కాయితాల్లో నువ్వు మూడింటిని వ్యాసంలోకి రానివ్వలేదు. పొరపాటున జరిగింది కాదు. జెరాక్సుల మూల మీద పెన్సిల్‌తో వేసిన ఇంటూ గుర్తులు కనిపిస్తున్నాయి.

ఒకటి, రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మ గురించి రాసిన అమ్మాయిది. నవలలో మాంటాగ్ భార్య మిల్డ్రెడ్ పగలూ రాత్రీ గోడ టీవీల ముందే ఉంటుంది, అందులో మాట్లాడేవాళ్లని ‘నా కుటుంబం’ అంటుంది. నీ క్లాసులో అందరూ ఆమెని తిట్టారు. ఈ అమ్మాయి మాత్రం ఇలా రాసింది: ‘మా అమ్మ పొద్దున్నుంచి ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు వలుస్తుంది. ఇంటికొచ్చాక సీరియల్ చూస్తుంది. అందులో కోడలు ఏడిస్తే తనూ ఏడుస్తుంది. మిల్డ్రెడ్‌ని అందరూ తిడుతున్నారు గానీ ఆమె ఎందుకు అలసిపోయిందో నవలలో ఎక్కడన్నా ఉందా మేడమ్?’

రెండోది, అరుగు గురించి అడిగిన అమ్మాయిది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మూడోది ఒక అబ్బాయిది. ‘నువ్వే ఒక పుస్తకం అవ్వాల్సి వస్తే ఏది అవుతావు?’ అని నువ్వు అడిగావు. చాలామంది భారతం, భాగవతం, అబ్దుల్ కలాం గారి జీవితం అని రాశారు. వాడు రాసింది ఇది: ‘నాకు కంఠతా వచ్చింది సైన్స్ గైడు ఒక్కటే. ఇంపార్టెంట్ ప్రశ్నలు అన్నీ వచ్చు. అదే అవుతాను. కానీ అది ఎవరికీ వద్దేమో.’ ఈ నాలుగు వాక్యాలు చదివి నేను కాసేపు కిటికీ దగ్గర కూర్చుండిపోయాను. ఇంతమంది పిల్లలకి పుస్తకం అంటే ఏం ఇచ్చామో ఒక పదిహేనేళ్లవాడు లెక్క అప్పజెప్పాడు. నువ్వు దాన్ని తీసేసి, ఆ చోట అందరూ లేచి నిలబడి ఇక రోజూ లైబ్రరీకి వెళ్తామని మాట ఇచ్చినట్టు రాశావు. అలా జరిగిందా? కాయితాల్లో ఎక్కడా లేదు.

నీకు ఒక సంగతి చెప్పాలి. ఆ నవలకే జరిగింది. 1960ల చివర్లో, బడిపిల్లలు చదివే ప్రతి కోసం ప్రచురణకర్తలు రచయితకి చెప్పకుండా అందులో మాటలు మార్చారు. తిట్లు తీశారు. గర్భస్రావం అన్న మాట తీశారు. పిల్లలు చెడిపోతారని భయం. అలా మొత్తం డెబ్బై అయిదు చోట్ల. పుస్తకాలను కాల్చకూడదని చెప్పే పుస్తకాన్ని పదేళ్లపాటు కోసి అమ్మారు. ఎవరు పట్టుకున్నారో తెలుసా? విద్యార్థులే. వాళ్లే బ్రాడ్‌బరీకి ఉత్తరాలు రాశారు. ఆయన 1979లో ఆ సంగతి కోపంగా రాసి, పూర్తి పాఠం మళ్లీ అచ్చు వేయించారు. పిల్లలకి ఏది తగదో పెద్దవాళ్లు ఎంచారు, ఏది మాయమైందో పిల్లలు ఎంచారు. నీ వ్యాసంలో ఈ సంగతి లేదు. చేర్చు. చేర్చేటప్పుడు నీ పెన్సిల్ గుర్తులు కూడా ఒకసారి చూసుకో.

నిన్ను నిందించడానికి కాదమ్మా ఈ మాట. కోసేవాళ్లు ఎక్కువగా మంచివాళ్లే. మన గోదావరి దగ్గరే చూడు. రాజమండ్రిలో 1881లో తొలి వితంతు వివాహం జరిపించి, ఆడపిల్లల చదువు కోసం ఊరంతటితో పోరాడిన కందుకూరి వీరేశలింగం గారు, తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ ఆడవాళ్లు వినదగని పుస్తకం అని తీర్పు చెప్పారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు ఆ కావ్యం అచ్చుప్రతి తెప్పించుకుని, తర్వాత రాతప్రతి దొరికితే రెండూ దగ్గర పెట్టుకుని చదివారు. అచ్చులో చాలా ఎగిరిపోయాయని తేలింది. 1910లో పూర్తి కావ్యాన్ని ఆవిడే అచ్చు వేయించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి 1946లో టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రభుత్వానికి అధిపతి అయ్యేదాకా పట్టింది. వీరేశలింగం గారంటే నాకు ఈ రోజుకీ గౌరవం. ఆయన లేకపోతే మా అమ్మమ్మ అక్షరాలు నేర్చేది కాదు. ఆ గౌరవంతోనే ఈ సంగతి దాచకుండా చెబుతున్నాను.

మా ఇంట్లో సంగతి కూడా చెబుతాను. ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

నాకు పెళ్లి కుదిరినప్పుడు పంతొమ్మిదేళ్లు. అప్పటికి రెండు నోటుపుస్తకాల నిండా కథలు రాసుకున్నాను. పెళ్లికి వారం ముందు, పెరట్లో నీళ్ల కాగు కింద కొబ్బరి డొక్కలతోపాటు మా అమ్మ ఆ రెండూ పెట్టేసింది. ‘అత్తారింట్లో ఎవరి కళ్లైనా పడితే నిన్నేమంటారో’ అంది. ఆ నీళ్లతోనే నాకు తలంటింది. నేను చాలా ఏళ్లు మాట్లాడలేదు, అంటే ఆ విషయం మాట్లాడలేదు. అచ్చైన నా తొలి కథలో కూతురి రాతలు కాల్చే ఒక రాక్షసి తల్లి ఉంటుంది. చాలామంది మెచ్చుకున్నారు. అది తప్పు కథ. ఎందుకంటే ఒకటి తీసేశాను: మా అమ్మ వాటిని కాల్చే ముందు రాత్రంతా కూర్చుని చదివింది. ఐదో తరగతి చదువు, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. నేను నిద్ర నటిస్తూ చూశాను. ఆ దృశ్యం పెడితే రాక్షసి రాక్షసిగా నిలవదని తెలిసి, వదిలేశాను. చాలా ఏళ్ల తర్వాత ఒక వేసవిలో మా అమ్మ నా కూతుర్ని పక్కలో వేసుకుని, పడవ మీద తప్పిపోయిన పిల్ల కథ చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. అది నా నోటుపుస్తకంలో కథే. పేర్లతో సహా.

అందుకే నీ పెన్సిల్ గుర్తులు చూడగానే నాకు గుండె పట్టేసినట్టైంది. నువ్వు కూడా ఆ పిల్లల్ని కాపాడాలనే తీశావు. అమ్మ పని బయటపడితే ఆ అమ్మాయిని ఎవరైనా చులకన చేస్తారని, గైడు మాట వస్తే బడికి చెడ్డ పేరని. ఆ భయాలు నిజమే. అయితే దానికి దారి వాళ్ల మాట తీసేయడం కాదు. పేర్లు తీసెయ్, ఊరు తీసెయ్. ముగ్గుర్నీ విడివిడిగా పిలిచి, ఈ వాక్యాలు అచ్చు వేయొచ్చా అని అడుగు. వద్దంటే వద్దు. కానీ వద్దు అనాల్సింది వాళ్లు.

ఇక అరుగు. వ్యాసంలో నీకు బాగా ఇష్టమైన పేజీ ఆరోదని తెలుస్తూనే ఉంది. నవల చివర పుస్తకాలను కంఠస్థం చేసినవాళ్లని చెప్పి, మన కోనసీమ ఘనపాఠీలను తెచ్చావు. వేదాన్ని వరసగానే కాదు, మాటలను ముందుకీ వెనక్కీ మెలిపెట్టి ఒక్క అక్షరం జారకుండా నిలిపిన నోళ్లు అని రాశావు. బాగుంది, అదీ నిజమే. ఆ వెంటనే కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు, గ్రంథాలయోద్యమం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం. అవీ నిజమే. కానీ ఆ పాఠం విన్న అమ్మాయి కాయితంలో ఏముంది? ‘కంఠతా పట్టినవాళ్లు ఎవరికి చెప్పేవాళ్లు మేడమ్? మా తాతని లైబ్రరీ అరుగు ఎక్కనిచ్చేవారు కాదంట. కింద నిలబడి ఎవరో పేపరు పైకి చదువుతుంటే వినేవాడంట.’

ఆ ప్రశ్న ఆరో పేజీలో, ఘనపాఠీల పేరా కిందే రావాలి. నువ్వు జవాబు చెప్పకు. నిప్పు పెట్టకుండానే, అరుగు ఎక్కనివ్వకుండా పుస్తకాన్ని మనిషికి దూరం చేయొచ్చని ఆ నవలలో లేదు, నీ క్లాసులో ఉంది. కుదిరితే ఆ అమ్మాయికి ‘మాలపల్లి’ ఇవ్వు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో రాసిన నవల, మద్రాసు ప్రభుత్వం ఒకసారి కాదు రెండుసార్లు అడ్డుకుంది. 1937లో గానీ ఆ నిషేధం పోలేదు. ఆ పుస్తకం గురించి ఆ పిల్ల ఏం అంటుందో వినాలని నాకు చాలా ఆశగా ఉంది.

ఇంకొక్కటి, చిన్నది. వ్యాసం నిండా మంటలే ఉన్నాయి. మనం పుస్తకాలను పోగొట్టుకునేది నీళ్లకి. 1986 ఆగస్టు వరదలో మా పుట్టింటి బీరువా రెండు రోజులు నడుంలోతు నీళ్లలో ఉంది. తీసేసరికి అట్టలు ఊడి, పేజీలన్నీ ఒక్క ముద్ద. ఎండలో మేడ మీద పరిచి, కత్తిపీటతో విడదీయబోతే పేజీతోపాటు అక్షరాలు లేచి వచ్చేశాయి. నీ పిల్లల్లో ముగ్గురు గోదావరి లంకల్లోంచి వస్తారని రాశావు. వరదకి ఇంట్లోంచి ముందు ఏం పట్టుకుని బయటపడతారో వాళ్లని అడుగు. గ్యాస్ సిలిండరు అంటారు, ఆధార్ కార్డులు అంటారు. పుస్తకం అని ఎవరూ అనకపోతే అనలేదని రాయి.

పిల్లల వాక్యాలను నువ్వు ‘వీక్షించుచున్నది’, ‘వ్యథ చెందును’ అని దిద్దావు. వెనక్కి మార్చేయ్. ‘చూస్తుంది’, ‘ఏడుస్తుంది’ అని వాళ్లు రాసినవే ఉండాలి.

వచ్చే ఆదివారం వీలైతే రా. సఖినేటిపల్లి రేవులో పొద్దున పంటు ఎక్కితే భోజనం వేళకి ముందే ఇంట్లో ఉంటావు. గోదావరి పెరిగి పంటు ఆపేస్తే ఫోన్ చెయ్, మళ్లీ వారం చూద్దాం. వచ్చేటప్పుడు అసలు కాయితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పట్టుకురా. గైడు అబ్బాయి కాయితం జెరాక్సులో అడుగున కోసుకుపోయింది, ‘ఎవరికీ వద్దేమో’ తర్వాత ఇంకా రెండు లైన్లు ఉన్నట్టున్నాయి, అక్షరాల తలకట్లు మాత్రమే పడ్డాయి. వాడు ఏం రాశాడో చూడాలి.

నీ అత్తయ్య