రిజిస్టరులో ‘కారణం: గంజాయి’ అని ఉంటే లెక్కలోకి తీసుకోవచ్చా?

1871లో మొదలైన మన చెన్నై కీల్పాక్ పిచ్చాసుపత్రి పాత నివేదికల్లో ‘కారణం: గంజాయి’ అని ఉన్న కేసులన్నీ కూడి, ‘గంజాయి వల్ల పిచ్చి’ అని థీసిస్‌లో పట్టిక వేయొచ్చా అని అడిగారు. దయచేసి అలా వేయకండి. ఆ గడిలోని మాట చాలాసార్లు డాక్టరు తేల్చింది కాదు. పోలీసులు, మేజిస్ట్రేటు రోగితో పాటు పంపిన కాగితంలో ఏముంటే రిజిస్టరులో అదే ఎక్కేది. రోడ్డు మీద దొరికిన ఓ బైరాగినే తీసుకోండి. గతం చెప్పడానికి బంధువులు లేరు, జోలెలో గంజాయి పీల్చే చిలుం ఉంది. ఇంకేం, కారణం దొరికినట్టే!

గంజాయి వాడకంపై విచారణకు 1893లో వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ సరిగ్గా దీన్నే తవ్వింది. 1892లో బ్రిటిష్ ఇండియా పిచ్చాసుపత్రుల్లో చేరిన 1,344 మందిలో 222 మందికి గంజాయి, భంగు, చరస్‌లే కారణమని రాసి ఉంది. ఆ కేసులను మళ్లీ విచారిస్తే నిలబడ్డవి 98. వాటిలోనూ 37 కేసుల్లో వేరే కారణాలు కలిసి ఉన్నాయి. అలాగని గంజాయికి ఏ పాపమూ తెలియదని రాయకండి, మితిమీరితే మనసుకు హాని జరగవచ్చని కమిషనే ఒప్పుకుంది.

పట్టికకు ‘గంజాయి కారణమని నమోదైన కేసులు’ అని పేరు పెట్టండి. పక్కనే ‘కారణం తెలియదు’ అంకెలు కూడా ఇవ్వండి. ఒక ఏడాది అవి తగ్గి గంజాయి కేసులు పెరిగితే, ముందు రాసే పద్ధతి మారిందేమో చూడండి. టెన్షన్ పడకండి, పట్టిక పనికొస్తుంది.