కుప్ప చవకే, కానీ ఆ రాత్రి పని ఉంటుంది

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా బుర్రలోనే తిరుగుతోంది. చవగ్గా వచ్చాయని మూడు కేజీల చిక్కుళ్ళు, రెండు కేజీల టమాటాలు తెచ్చి, నాలుగో రోజుకి సగం పారబోశావు సరే, అందరి ఇళ్ళలోనూ జరిగేదే. "ఇంకెప్పుడూ చవక కూర కొనను అత్తా" అన్నావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు. కూర తప్పేముంది, తెచ్చిన రాత్రే దాన్ని కోసి ఫ్రీజర్లో దాచే పని ఎవరూ చూడకపోతే అదేం చేస్తుంది?

నేను దాసన్నపేట రైతుబజారుకి పొద్దున్న వెళ్ళను. మూసే వేళకి వెళ్తాను. మిగిలింది మళ్ళీ బస్సులో ఊరికి మోసుకుపోలేక తూకం పక్కన పెట్టి కుప్పలు పోసి ఇచ్చేస్తారు. కార్తీకమాసం వెళ్ళాక అయితే మరీ, చిక్కుళ్ళు, క్యాలీఫ్లవర్, టమాటా అన్నీ ఒక్కసారే దిగుతాయి. కానీ కుప్ప చూడగానే సంచి చాపకు, అడుగున చెయ్యి పెట్టి తిరగెయ్యి. వంకర కాయ ఫర్లేదు, కొంచెం వడిలినా ఫర్లేదు, జిగురు, బూజు, పులిసిన వాసన ఉంటే ఊరికే ఇచ్చినా వద్దు. పాడవుతున్న కూర ఫ్రీజర్లో బాగుపడదు తల్లీ, అందులో క్రిములు చావవు, ఊరికే పడుకుంటాయి, బయటికి తీయగానే లేస్తాయి. ఇంకో లెక్క, ఆ రాత్రి కూర్చుని ఎంత వలిచి కోయగలవో అంతే కొను. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చే రోజైతే ఒక్క కేజీ, మీ ఆయన కూడా కత్తి పట్టుకుంటానంటే మూడు.

మొదటిసారి నేనూ పచ్చి చిక్కుళ్ళు కడిగి కవర్లో కుక్కేశాను. రెండు నెలల తరవాత తీసి వండితే గడ్డి నమిలినట్టుంది, మీ మావయ్య ఒక్క మాటా అనకుండా పెరుగన్నం తినేసి లేచారు, అదే పెద్ద తిట్టు. తరవాత తెలిసింది, కాయ కోశాక కూడా దాన్లో ఎంజైములు పని చేస్తూనే ఉంటాయట, చలికి నెమ్మదిస్తాయే గానీ ఆగవు, రంగూ రుచీ అవే తినేస్తాయి. వాటిని ఆపేది మరిగే నీళ్ళు. అరకేజీ ముక్కలకి నాలుగు లీటర్ల నీళ్ళు సలసల కాగనిచ్చి, ముక్కలు వేసి, నీళ్ళు మళ్ళీ మరగడం మొదలయ్యాక గడియారం చూడు. చిక్కుళ్ళు, బీన్స్, క్యాలీఫ్లవర్ మూడు నిమిషాలు, క్యారెట్ ముక్కలు రెండు, పచ్చి బఠాణీ ఒకటిన్నర. వెంటనే తీసి ఐసు వేసిన నీళ్ళలో అంతే సేపు ముంచాలి, లేకపోతే ఆ వేడికి లోపల ఉడుకుతూనే ఉంటాయి. మరిగిన నీళ్ళు పారబొయ్యకు, అందులోనే వాయి తరవాత వాయి వేసుకో, గ్యాస్ కలిసొస్తుంది. క్యాలీఫ్లవర్‌ని మాత్రం ముందు అరగంట ఉప్పునీళ్ళలో ఉంచు, పురుగులు పైకి తేలతాయి.

ఆ తరవాత పని చాలామంది వదిలేస్తారు, అసలు అదే ముఖ్యం. పాత నూలు చీర ముక్క మీద ఆరబెట్టి తడి బాగా పోనివ్వాలి, పళ్ళెంలో ఒకదానికొకటి అంటకుండా పరిచి గడ్డకట్టించాలి, గట్టిపడ్డాకే కవర్లోకి. అలా చేస్తే గుప్పెడు కావాలంటే గుప్పెడే వస్తుంది, లేకపోతే ఇటుకే, పప్పుగుత్తితో కొట్టుకోవాలి. గాలి మొత్తం నొక్కి తీసెయ్, మీ ఇద్దరికీ ఒక పూటకి సరిపడా కట్టు, మీద తేదీ రాయి. వండేటప్పుడు కరగనివ్వకు, గడ్డగానే మూకుట్లో వెయ్యి. కరిగినదాన్ని మళ్ళీ ఫ్రీజర్లో పెట్టొద్దు.

టమాటాకి ఇంత తతంగం లేదు, కడిగి, తుడిచి, కాయలుగానే పడెయ్యి. తీశాక కుళాయి కింద పట్టుకుంటే తొక్క దానంతటదే ఊడొస్తుంది. కాకపోతే మెత్తబడిపోతుంది, చారుకీ పప్పుకీ పనికొస్తుంది గానీ పచ్చిగా కోసుకోవడానికి కాదు. పచ్చిమిర్చి, కరివేపాకు, కోరిన కొబ్బరి కూడా అలాగే. బెండకాయ నీళ్ళలో వేస్తే జిగురు, నేనైతే నూనెలో సగం వేయించి చల్లారాక పెడతాను. దోసకాయ, ముల్లంగి, పచ్చి బంగాళాదుంప జోలికి వెళ్ళకు. వంకాయ చవగ్గా దొరికితే నిప్పుల మీద కాల్చి గుజ్జు చేసి పెట్టుకో, లేదా అమ్మమ్మలా ఒరుగులు ఎండబెట్టు, ఎండకి కరెంటు బిల్లు లేదు కదా.

పనసపొట్టు గురించి చెప్పకపోతే ఎలా. మీ శ్రీకాకుళంలో ఉద్దానం కాయలు దిగే రోజుల్లో చవగ్గా దొరికినప్పుడు కొట్టించిన పొట్టు తెచ్చుకుని, పసుపు, ఉప్పు వేసి సగం ఉడికించి, చల్లారాక గట్టిగా పిండి చిన్న ఉండలుగా దాచు. అకాలంలో ఆవ పెట్టి వండితే చుట్టాలు అడుగుతారు, ఎక్కడిదీ అని.

ఫ్రిజ్ పైన ఉండే చిన్న ఫ్రీజరు రోజుకి ఇరవైసార్లు తెరుస్తాం, ఎక్కువ రోజుల నిలవకి కావాల్సిన మైనస్ 18 డిగ్రీలు అక్కడ నిలవడం కష్టం, అందుకే ఏడాది నిలవ మాటలు నమ్మకుండా రెండు మూడు నెలల్లో వాడెయ్. దీని కోసం డీప్ ఫ్రీజర్ కొంటానన్నావటగా, వద్దు, మిగిలేదంతా దాని బిల్లుకే పోతుంది.

మనది తుఫాన్ల జాగా, అది మర్చిపోకు. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి రోజుల తరబడి కరెంటు లేక నా ఫ్రీజరంతా పోయింది, గంటకోసారి తెరిచి చూసుకున్నది నేనే. తలుపు మూసి ఉంచితే నిండు డీప్ ఫ్రీజరు రెండు రోజులు, సగం నిండింది ఒక రోజు చల్లగా ఉంటుంది, మన చిన్నది ఇంకా తక్కువే. ఒక గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టు. ఊరెళ్ళి వచ్చేసరికి బిళ్ళ అడుక్కి దిగిపోయి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్ళీ గట్టిపడిందని, ఇంక వాసన కూడా చూడకు, పారెయ్.

ఈసారి ఒక్క కేజీ చిక్కుళ్ళతో మొదలుపెట్టు. ఆదివారం నాకు వీడియో కాల్ చెయ్యి, నీళ్ళు ఎలా కాగుతున్నాయో నేను చూస్తాను.

మీ అత్త
విజయనగరం