పేపర్ రిజెక్ట్ అయిందని అవ్వకు చెబితే ఏమైందంటే

ప్రశ్న: "పీహెచ్‌డీ మూడో ఏడులో ఉన్నాను. పత్రికలకు పంపిన పరిశోధన పేపర్ మూడుసార్లు వెనక్కి వచ్చింది. పని మీద మనసు విరగకుండా ఎలా నిలబెట్టుకోవాలి?"

మూడుసార్లేనా? నాది ఒకే పేపర్ నాలుగు చోట్ల నుంచి వెనక్కి వచ్చింది. ఒక చోటి నుంచైతే రెండే రోజుల్లో. శుక్రవారం రాత్రి పంపితే ఆదివారం మధ్యాహ్నానికి జవాబు. సెలవు రోజు పని చేసి మరీ కాదన్నారు మహానుభావులు.

ఇలాంటి ప్రశ్న కనబడగానే ఎవరో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు గారిని తీసుకొస్తారు. మెట్రిక్ తప్పారు, హార్వర్డ్‌లో ఉద్యోగం శాశ్వతం చేయలేదు, అయినా అంత గొప్ప మందులు కనిపెట్టారు కదా అంటారు. నిజమే. కానీ ఐదు నెలలుగా ఫెలోషిప్ పడక, మెస్ బిల్లుకు అమ్మను అడగాల్సి వచ్చిన రోజున ఆ కథ నాకేమీ చేయలేదు. "ఆయనకే తప్పలేదు, నువ్వెంత" అన్నట్టు వినిపించింది. భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ సంగతి కొంచెం నయం. 1964లో ఆయన రెండో పేపర్‌ను ఒక పత్రిక తిప్పి పంపింది. ఆయన కొంత చేర్చి ఇంకో పత్రికకు పంపాడు. ఆ చేర్చిన ముక్కలోనే కొత్త కణం మాట ఉంది. 2013లో నోబెల్ వచ్చింది. నాకు నచ్చేది నోబెల్ కాదు, ఆ చేర్చిన ముక్క.

ఇక నా సంగతి. మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. నా పరిశోధన అనంతపురం జిల్లాలో వానలకు, చెనిక్కాయ (వేరుశనగ) దిగుబడికి సంబంధించింది. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పడమటి కనుమలు అడ్డం, తూర్పు తీరం దూరం, రెండు రుతుపవనాలూ మా దాకా వచ్చేసరికి అలసిపోతాయి. ఆ పడే కాస్త కూడా పూత అయ్యాక కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే టైంలో మొహం చాటేస్తే కాయ ఉండదు, కట్టే మిగులుతుంది. దీని మీద మూడేళ్లు లెక్కలు కట్టి పేపర్ రాశాను.

జూన్ నెల. ఇంటి ముందు అరుగు మీద అవ్వ, అమ్మ, నేను విత్తనానికి కాయలు ఒలుస్తున్నాం. అలవాటు తప్పితే ఆ పని ఎలా ఉంటుందో తెలుసు కదా, గంటకే బొటనవేలు ఎర్రబడుతుంది, పెంకు అంచు గోరు కింద గుచ్చుకుంటుంది. పప్పు మీది పొర చెదిరితే అవ్వ ఊరుకోదు, మొలక రాదంటుంది. అప్పుడు ఫోన్ మోగింది. మెయిల్. మొదటి వాక్యంలో ధన్యవాదాలు, రెండో వాక్యంలో విచారం. అక్కడితో తెలిసిపోయింది.

నా మొహం చూసి అమ్మ ఏమైందంది. "వాళ్లకు నచ్చలేదంట మా" అన్నాను.

అంతే, అవ్వ చేతిలో కాయలు చాటలోకి జారవిడిచింది. "యా ఊరోళ్లు పాపా? కట్నం ఎక్కువ అడిగిరా?"

పేపర్ సంగతి అవ్వా అంటే వినదు. "మన పిల్లకేం తక్కువ? వాళ్ల మొగాలు వాళ్లు చూసుకున్నారా అద్దంలో!" పక్కింటి వదిన గోడ మీద నుంచి తొంగి చూసి "ఎవురు, హిందూపురం సంబంధమా?" అంది. హిందూపురం సంబంధం ఒకటి నడుస్తోందని నాకు అప్పుడే తెలిసింది! ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

సాయంత్రం నాయన వచ్చాక ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఏం రాసినారో తెలుగులో చెప్పు" అన్నాడు. పేపర్ చదివి తప్పొప్పులు చెప్పే పరీక్షకులు ఇంగ్లీషులో రాసిన ఆ నాలుగు పేజీలు చదివినప్పుడు నన్ను ఎవరో చెంపల మీద కొట్టినట్టు ఉండింది. తెలుగులోకి తెచ్చేసరికి నాలుగైదు మాటలే మిగిలాయి. అందులో రెండో పరీక్షకుడిది ఇది: మండల కేంద్రంలోని వానమాపకం లెక్క పట్టుకుని ఊళ్లలో పంట సంగతి ఎలా చెబుతారు?

నాయన వెంటనే, "నిజమే కదా పాపా వాళ్లు అనేది. మండలాఫీసు కాడ పడితే మన చేన్లో పడినట్టేనా? మొన్న వంక అవతల పడింది, ఇవతల దుమ్ము కూడా అణగలే."

ఒళ్లు మండింది. సొంత నాయనే అవతలి పార్టీలో చేరిపోయాడు. రోజుకు 2.5 మిల్లీమీటర్లు పడితే వాతావరణ శాఖ లెక్కలో అది వాన పడిన రోజేనని వాదించాను. "ఎంతుంటాది అది?" అన్నాడు. వేళ్ల మధ్య సందు చేసి చూపించాను. ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది. "దాంతో పదును అయితాదా?" పదును అంటే విత్తనం వేయడానికి సరిపడా నేల తడవడం. నా పేపర్ మొత్తంలో ఆ మాట లేదు.

తర్వాత ఆయన లోపలికి పోయి పాత గోడ క్యాలెండర్లు తెచ్చాడు. గడుల్లో పెన్సిల్‌తో "పదును", "జల్లు", "చాలలేదు" అని రాసిపెట్టుకున్నాడు. పదకొండేళ్లవి. నేను రోజూ చూసే గోడ మీదివే. అలాంటివి ఇంకో నాలుగిళ్లలో దొరికాయి. వాటిని మండలం లెక్కల పక్కన పెట్టి పేపర్‌లో సగం తిరగరాశాను. వెంటనే అచ్చయిందనుకునేరు, అదీ వెనక్కే వచ్చింది, "స్థానిక ఆసక్తి మాత్రమే" అని. వాళ్ల గోధుమ చేను ప్రపంచానికి సంబంధించినది, మా చెనిక్కాయ చేను స్థానికం! ఇలాంటి వాటికి మాత్రం నా దగ్గర మందు లేదు, రెండు రోజులు తిట్టుకోవడమే. అయిదో చోట, చాలా దిద్దించుకున్నాక తీసుకున్నారు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. మెయిల్ వచ్చిన రోజు ఏమీ రాయకండి, బస్టాండ్ పక్కకు పోయి ఉగ్గాని బజ్జీ తినండి. మర్నాడు ఆ అభ్యంతరాలన్నీ ఒక్కోటీ తెలుగులో నోటుబుక్కులో రాయండి. వీలైతే ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. భయపెట్టే ఇంగ్లీషు పోయాక సగం మాటలు మన మేలుకే ఉంటాయి, నాకైతే గట్టి నమ్మకం. మనసు, ఉత్సాహం, మోటివేషన్ అని వీడియోలు చూస్తూ కూర్చుంటే ఏదీ రాదు. చేయాల్సిన చిన్న పని ఒకటి కనిపిస్తే కాళ్లు అవే లేస్తాయి.

ఈ విసుగులో డబ్బులు తీసుకుని వారంలో వేసేస్తామనే పత్రికలకు మాత్రం పంపకండి. థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అనే నిబంధనను విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2022లోనే తీసేసింది. చాలా చోట్ల గైడ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు, అది వేరే బాధ. ఇంకో బాధ, అదే ఏడు ఏప్రిల్‌లో 63 మండలాల మా జిల్లాను రెండు చేశారు. కదిరి, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాకు పోయాయి. "జిల్లా సగటు" అని రాసిన ప్రతి పట్టికా మళ్లీ కట్టాను. పరీక్షకుడికి అది అర్థమయ్యేలా చెప్పడానికే ఒక పేజీ పట్టింది.

ఇప్పుడు రెండో పేపర్ పంపి ఐదు నెలలైంది. ప్రతి ఆదివారం ఫోన్‌లో అవ్వ ఒకటే అడుగుతుంది, "వాళ్లేమన్నా చెప్పిరా?" అని. పత్రిక వాళ్ల గురించో, హిందూపురం వాళ్ల గురించో నేను అడగను. "ఇంకా లేదు అవ్వా" అంటాను. రెండింటికీ అదే జవాబు.