నత్తల కొలనులో ఆడాక దురద... నులిపురుగుల మాత్రతో తగ్గదు

ప్రశ్న: రెండేళ్ల క్రితం పెరట్లో చిన్న కొలను తవ్వించి నీటి మొక్కలు వేశాం. ఇప్పుడు అందులో నిండా నత్తలే. నత్తల్లో రకరకాల పరాన్నజీవులు ఉంటాయని చదివాను. వాటిని చంపడానికి నీటిలో ఏ మందు కలపాలి? అన్నట్టు, కొలనులో ఆడినప్పుడల్లా మా ఎనిమిదేళ్ల బాబుకు కాళ్ల మీద దురద, ఎర్రటి దద్దుర్లు వస్తున్నాయి. నులిపురుగుల మాత్ర రెండుసార్లు వేశాం. ఇంట్లో ఉన్న తామర క్రీము రాస్తున్నాం.

జవాబు: చివర్లో ‘అన్నట్టు’ అంటూ మీరు రాసిన విషయమే నన్ను కంగారుపెడుతోంది. ముందు దాని సంగతి చూద్దాం.

బాబును చూడకుండా ఇదే జబ్బని తేల్చలేను. అయితే దద్దుర్లు నీటిలో మునిగిన మేరకే వచ్చి, ఆ పైన గీత గీసినట్టు ఆగిపోతుంటే సర్కేరియల్ డెర్మటైటిస్, అంటే నీటిలోని పరాన్నజీవుల వల్ల వచ్చే చర్మపు దురద అని అనుమానించాలి. నీటిపక్షుల రెట్టతో వచ్చిన పరాన్నజీవులు నత్తలో చేరి అక్కడే వృద్ధి చెందుతాయి. వెలుతురు పడగానే కంటికి ఆనని, తోక చీలిన డింభకాలు (పిల్ల పురుగులు) వేల సంఖ్యలో నీటిలోకి వస్తాయి. అవి వెతికేది పక్షిని. మనిషి కాలు తగిలినా చర్మంలోకి దూరి, అక్కడే చనిపోతాయి. శరీరం వాటి మీద తిరగబడటమే ఈ దురద. అందుకే నీటిలో దిగిన కొద్దీ అది మరింత త్వరగా, తీవ్రంగా వస్తుంది.

చర్మంలో చచ్చిపోయే డింభకాలకు, పేగుల్లోని పురుగులకిచ్చే మాత్రకు సంబంధం ఏమిటి? ఎవరినీ అడగకుండా రెండుసార్లు ఎందుకు వేశారు? ఆ క్రీము ఇంకా ప్రమాదం. తామరకు వాడే కొన్ని మిశ్రమ క్రీముల్లో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. వారాల తరబడి రాస్తే పిల్లల లేత చర్మం పలచబడుతుంది. ఒకవేళ అది నిజంగా తామరే అయితే, పైకి తగ్గినట్టు కనిపిస్తూనే పాకిపోతుంది. దాన్ని ఆపి, ఆ ట్యూబు తీసుకుని చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. అంతవరకు తడిగుడ్డ, కాలమైన్ లోషన్ చాలు. గోకనివ్వకండి. దురద తగ్గించే మాత్ర మోతాదు బరువును బట్టి వైద్యులే చెప్పాలి. మళ్లీ నీటిలో దిగకపోతే మామూలుగా వారం, రెండు వారాల్లో తగ్గిపోతుంది. చీము పట్టినా, జ్వరం వచ్చినా మాత్రం ఆగకండి. మనుషులకు సోకే షిస్టోసోమా అనే పరాన్నజీవి ఉన్న ప్రాంతాల్లో, ముఖ్యంగా ఆఫ్రికాలో, నీటిలో దిగి ఉంటే ఆ మాట వైద్యులకు తప్పక చెప్పండి. దానికి చికిత్స వేరు.

ఇక నత్తలు. మీరు చదివింది నిజమే. ఒకే కొలనులో అనేక రకాల పరాన్నజీవులుంటాయి. ఒకే నత్తలో రెండు రకాలు చేరితే ఒకదాని డింభకాలు రెండోదాని డింభకాలను తినేయడమూ ఉంది. వాటిలో చాలా రకాలు మనిషి జోలికి రావు. నీటిలో మందు కలపవద్దు. రాగి కలిసిన మందులకు చేపలూ చస్తాయి, నత్తలేమో కొత్త మొక్కలతో మళ్లీ వస్తాయి. చేతి తొడుగులు వేసుకుని వలతో ఏరేయండి, నాచు తగ్గించండి, బాతులను మరగనివ్వకండి. ఆ కొలనులో పెరిగిన ఆకులను పచ్చిగా తినకండి, కాలేయపు పురుగు సోకే వీలుంది. నత్తలను ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించండి. కొన్ని నత్తల్లో ఉండే ఒక రకం పురుగు కడుపులోకి పోతే మెదడు పొరలు వాయవచ్చు. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం కనిపిస్తే ఉత్తరం రాస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.