గ్రూప్స్ ప్రిపరేషన్ తర్వాత ప్రైవేట్ ఉద్యోగానికి ధైర్యం ఎలా తెచ్చుకోవాలి?

డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు గ్రూప్స్‌కే పోయాయి, ఇప్పుడు ప్రైవేటులో అప్లై చేద్దామంటే రెజ్యూమె ముందు చేతులు ఆడట్లేదు, ముందుగా కాన్ఫిడెన్స్ ఎలా తెచ్చుకోవాలి అని అడిగారు. నేనూ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి, చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నే సీటు కోసం పరుగెత్తినదాన్నే. నేను చూసినంతలో కాన్ఫిడెన్స్ ముందు రాదండీ, ఏదో ఒక పని పూర్తి చేశాకే వస్తుంది.

ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు 1977లోనే దీని గురించి రాశారు. 'ఈ పని నేను చేయగలను' అనే నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందట: స్వయంగా చేసిన అనుభవం, మనలాంటివాళ్లు చేయగా చూడటం, ఎదుటివాళ్లు ఇచ్చే ధైర్యం, ఒంట్లో మనసులో ఆ సమయానికి ఉన్న స్థితి. వీటిలో అన్నిటికన్నా గట్టిది మొదటిది. రాత్రి చూసిన మోటివేషన్ వీడియో ఊపు తెల్లారేసరికి దిగిపోతుంది, ఎందుకంటే అందులో మనం చేసిన పనేమీ లేదు.

నాకు అక్కరకొచ్చింది మా పిన్ని వాళ్ల హోల్‌సేల్ కిరాణా కొట్టు. ఎక్సెల్ నేర్చుకుంటూ ఉత్తుత్తి డేటాతో కుస్తీ పట్టే బదులు వాళ్ల ఉద్దెర పుస్తకం తీసుకుని, ఎవరు ఎంత బాకీ, ఎన్నాళ్లుగా బాకీ అని షీట్‌లోకి ఎక్కించి పేరువారీగా మొత్తాలు తేల్చే పివట్ టేబుల్ వేశాను. బాబాయి దాన్ని ప్రింట్ తీయించుకుని గల్లాపెట్టె దగ్గర పెట్టుకుని, డబ్బు వసూలైన పేరు పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెడుతుంటే చూశాను. నేను చేసిన పని ఒకరికి నిజంగా ఉపయోగపడుతోందని కళ్లారా చూశాక రెజ్యూమెలో రాయడానికి ఒక వాక్యం దొరికింది, దాన్ని అడిగితే తడబడకుండా చెప్పగలిగాను కూడా.

ఇక రెండో దారి, మనలాంటివాళ్లు చేయగా చూడటం. దానికి టాపర్ల ఇంటర్వ్యూలు చూడకండి. మీకంటే ఏడాది ముందు ప్రిపరేషన్ ఆపి ఉద్యోగంలో చేరిన రూమ్మేట్‌కి ఫోన్ చేసి ఏం అడిగారు, ఏం చెప్పావు అని కనుక్కోండి. గ్యాప్ ఎందుకని అడిగితే నేను 'గ్రూప్స్ రాశాను, రాలేదు, ఎస్సే రాయడం, డేటా ఇంటర్‌ప్రెటేషన్ బాగా వచ్చాయి, ఇదిగో నేను చేసిన షీట్' అని చెప్పాను, ఆ తర్వాత మాటంతా ఆ షీట్ మీదే నడిచింది. ఈ వరస నా రూమ్మేట్ చెప్పిందే.

ఇంటర్వ్యూ ముందు గుండె దడదడలాడితే 'నాకు చేతకాదు' అని అర్థం తీసుకోవద్దు, అందరికీ ఉండే టెన్షనే అది. కానీ నిద్ర పట్టక, తిండి సహించక వారాలు గడుస్తుంటే అది వేరే సంగతి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, దయచేసి చేయండి.

ఇంకోటి, ఉద్యోగంలో చేరితే గ్రూప్స్ వదిలేసినట్టు కాదు. వయసు ఉన్నన్నాళ్లు నోటిఫికేషన్ వచ్చినప్పుడు రాయొచ్చు. ఇంట్లోవాళ్లకి కూడా ఇలాగే చెప్పండి, మా నాన్న ఈ మాటకే కాస్త మెత్తబడ్డారు.

మీది బీకామా, బీఎస్సీనా రాయలేదు. అది చెప్తే మీ చుట్టుపక్కల ఏ లెక్కలతో మొదలుపెట్టొచ్చో చెప్తాను.