ఉడుకునీళ్లు ఐదు నిమిషాలకే అయిపోతున్నాయా?

"ఇండియానాపోలిస్ దగ్గర ఇల్లు కొనుక్కొని ఐదు నెలలైంది చిన్నాయనా. షవర్ తిప్పితే ఐదు నిమిషాలు ఉడుకునీళ్లు వస్తాయి, ఆ తర్వాత చల్లటివే. పాప ఉన్న ఇల్లు. అమ్మేమో గీజర్ ఆపి ఆపి వేసుకోమంటుంది. ఏం చేయాలి?"

కడపలో మా ఎదురింటి వదిన కొడుకు అడిగిన ప్రశ్న ఇది. సంక్రాంతికి వచ్చి ఇక్కడే ఉన్నాను. నేనూ ఇరవై రెండేళ్లుగా అమెరికాలో ఆ ఊరున్న ఇండియానా రాష్ట్రంలోనే ఉంటున్నాను కాబట్టి వాళ్లమ్మ ఫోన్ తెచ్చి నా చేతికిచ్చింది. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది ఇదే అడుగుతుంటారు. అందుకే ఆ అబ్బాయికి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఆ పొద్దునే మా ఇంట్లో గీజర్ సరిగా కాగడం లేదని మెకానిక్‌ని పిలిచాం. ఇరవై ఐదు లీటర్ల గీజరు. కిందకు దించి మూత విప్పితే కాయిల్ కనబడలేదు, దాని చుట్టూ తెల్లగా సున్నం గార కట్టి ఉంది. ట్యాంకు వంచితే రెండు దోసిళ్ల పెచ్చులు రాలాయి. కాయిల్ పక్కన వేలంత లావున ఉండాల్సిన కడ్డీ సన్నటి తీగలా మిగిలింది. ఇదంతా వీడియో కాల్‌లో ఆ అబ్బాయికి చూపించాను. "మీ బేస్‌మెంట్‌లో ఉన్న ట్యాంకు లోపల కూడా ఇలాగే ఉంటుంది నాయనా" అంటే మొదట నమ్మలేదు. అమెరికా నీళ్లు శుభ్రం కదా అన్నాడు.

శుభ్రమే. కానీ శుభ్రత వేరు, సున్నం వేరు. మన ఇళ్లలో పరిచే కడప బండ సున్నపురాయే. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. ఆ పొరల్లోంచి దిగిన నీళ్లు కాల్షియాన్ని కరిగించుకొని బోర్లలోకి వస్తాయి. ఇండియానా కూడా సున్నపురాయి నేలే. న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ బిల్డింగుకు పైన తొడిగిన రాయి అక్కడి గనులదే. ఆ నీళ్లు కాగితే సున్నం విడిపోయి ట్యాంకు అడుగున దిగుతుంది. శాన్ ఆంటోనియో, ఫీనిక్స్‌లలో కూడా నీళ్లు ఇలాగే గరుకు, అంటే సున్నం ఎక్కువ. సియాటెల్, పోర్ట్‌లాండ్ వైపు మెత్తటి నీళ్లు, అక్కడ ఈ బాధ తక్కువ. ఎక్కడున్నా ముందు మీ ఊరి నీళ్లెలాంటివో తెలుసుకోండి. నీటి సరఫరా సంస్థ ఏటా ఇచ్చే నివేదికలో చాలాచోట్ల సున్నం ఎంతో చెప్పే అంకె (హార్డ్‌నెస్) కూడా ఉంటుంది.

ఇక అతని సమస్య. అతనిది కరెంటు హీటరు, 50 గ్యాలన్లది, అంటే దాదాపు 190 లీటర్లు. అందులో కాయిల్స్ రెండు ఉంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. రెండూ ఒకేసారి పనిచేయవు. పైది ముందు పైభాగంలో నీళ్లను కాచి, ఆ తర్వాతే కిందిదానికి కరెంటు వదులుతుంది. పై కాయిల్ పోతే కిందిదానికి వంతు రాదు, వేడినీళ్లే ఉండవు. కిందిది పోతే పైన ఉన్న కాసిని నీళ్లే కాగుతాయి, ఐదు నిమిషాలకు అయిపోతాయి. అతనికి జరుగుతున్నది సరిగ్గా ఇదే. సున్నమంతా అడుగునే చేరుతుంది కాబట్టి అందులో కూరుకుపోయి వేడెక్కి ముందు పోయేది కింది కాయిలే. చల్లటి నీళ్లను అడుగుదాకా తీసుకెళ్లే లోపలి ప్లాస్టిక్ గొట్టం విరిగినా దాదాపు ఇలాగే ఉంటుంది. అప్పుడు చల్లనీళ్లు పైనే కలిసిపోయి గోరువెచ్చగా వస్తాయి.

కాయిల్ పోయిందో లేదో మల్టీమీటరుతో తెలుస్తుంది. 240 వోల్టుల మీద నడిచే 4500 వాట్ల కాయిల్ మంచిదైతే 13 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. తెగిపోతే మీటరు కదలదు. కానీ ఆ పని మీరు చేయమని నేను చెప్పను. మన ఇంట్లో ఫేజ్ ఒక్క తీగలోనే వస్తుంది, అక్కడ ఈ హీటరుకు వచ్చే రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. తెలియనివాళ్లు ఆ మూత విప్పకూడదు. లైసెన్సు ఉన్న మనిషిని పిలవండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. పై మూత వెనక ఎర్రటి రీసెట్ బటన్ ఉంటుంది. నీళ్లు మితిమీరి కాగితే అది తనంతట తానే కరెంటు ఆపేస్తుంది. వచ్చినవాళ్లు దాన్ని నొక్కి డబ్బు తీసుకొని వెళ్లిపోతే, అది మళ్లీ కరెంటు ఆపేస్తే, అసలు తప్పు ఇంకా లోపలే ఉందన్నమాట. ఎందుకు ఆపిందో అడగండి.

చలికాలం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బాగున్న హీటరును కూడా చాలామంది అనవసరంగా మార్పిస్తారు. కడపలో జనవరిలో కూడా కుళాయి నీళ్లు చేతికి జివ్వుమనవు. ఇండియానాలో జనవరిలో ట్యాంకులోకి వచ్చే నీళ్లు మంచులా ఉంటాయి. కరెంటు హీటరు వాటిని గంటకు దాదాపు ఇరవై గ్యాలన్లే కాచగలదు. గ్యాసుదైతే దానికి దాదాపు రెట్టింపు. కాబట్టి పండగపూట ఆరుగురు తలంట్లు పోసుకోవాలంటే వరసగా కుదరదు. పెద్దవాళ్లు పొద్దున, మిగిలినవాళ్లు గంట ఆగి. బట్టలు, గిన్నెల మిషన్లు ఆ రోజు సాయంత్రానికి పెట్టుకోండి.

వాళ్లమ్మ చెప్పిన "ఆపి ఆపి వేసుకోవడం" గురించి వదినకు ఎదురుగానే చెప్పాను. మన గీజరు స్నానానికి పావుగంట ముందు వేసుకొని ఆపేది. అది ఇక్కడి పద్ధతికి సరైనదే. అక్కడి ట్యాంకు రోజంతా నీళ్లను వేడిగా పట్టి ఉంచడానికి చేసింది. చుట్టూ మందపాటి ఇన్సులేషన్ ఉంటుంది. రోజూ బ్రేకరు దించి ఎత్తితే మిగిలేది కొంచెమే, బ్రేకరు మాత్రం అరిగిపోతుంది. నెల రోజులు ఇండియాకు వస్తున్నప్పుడు ఆపండి. గ్యాసుదైతే చాలావాటికి డయల్ మీద వెకేషన్ అని ఉంటుంది, అక్కడ పెట్టండి. అంతకంటే ముఖ్యం, నీళ్ల వాల్వు కట్టేసి రండి.

వేడి ఎంత ఉండాలన్నది ఆ ఇంట్లో పాప ఉందనగానే నేను ముందు అడిగిన మాట. 120 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 49 సెల్సియస్ చాలు. 140లో పెట్టిన నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని కూడా ఐదు సెకన్లలో లోతుగా కాల్చేస్తాయి. 120లో అదే కాలడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పసిపిల్లల చర్మం కాలడానికి అంతకంటే తక్కువ సేపు చాలు. మరీ తగ్గించడం కూడా మంచిది కాదు. గోరువెచ్చటి నీళ్లలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అది ఊపిరితిత్తులకు సోకే జబ్బు తెస్తుంది. రోగనిరోధక శక్తి తక్కువున్న మనిషి ఇంట్లో ఉంటే ఎంతలో పెట్టాలో డాక్టరును అడగండి. డయల్ మీద గీతను నమ్మకండి. కుళాయి రెండు మూడు నిమిషాలు వదిలి, వంటగది థర్మామీటరు పెట్టి చూడండి.

పాపను చూడటానికి ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకు మొదటి రోజే స్నానాల గది చూపించండి. మనవాళ్లు బకెట్లో ముందు ఉడుకునీళ్లు పట్టి, తర్వాత చన్నీళ్లు కలుపుతారు. అక్కడ ఒకే పిడి, ఎడమకు తిప్పితే వేడి. అది తెలియక ఎడమ చివరికంటా తిప్పి కిందే నిలబడతారు. మా అమ్మ వచ్చినప్పుడు బకెట్టూ చెంబూ కొని, చల్లటివి ముందు పట్టుకోమ్మా అని చెప్పాను. ఆమె ఉన్న ఆరు నెలలూ అలాగే చేసింది.

ఇప్పుడు నాకు జరిగింది చెబుతాను. మేం కొన్న మొదటి ఇంట్లో ట్యాంకు వయసు పదమూడేళ్లని మాకు తెలియదు. ఈ ట్యాంకులు మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండేళ్లు నడుస్తాయి. ఒక ఫిబ్రవరి రాత్రి అడుగు చిల్లు పడింది. ట్యాంకులో ఉన్న యాభై గ్యాలన్లు కారితే అయిపోతుందనుకుంటాం. అలా కాదు. కారిన కొద్దీ చల్లనీళ్ల పైపు దాన్ని నింపుతూనే ఉంటుంది. ఆ పైపు వాల్వు ఎక్కడుందో నాకు తెలియదు. వెతికేలోపు బేస్‌మెంట్ అంతా పాదం మునిగేంత నీళ్లు. అట్టపెట్టెల్లో మా పెళ్లి ఫొటోలు, మా నాన్న చేత్తో రాసిన ఉత్తరాలు. ఉత్తరాల్లో సిరా మొత్తం కరిగిపోయింది. అందుకే ఎవరు కొత్తగా ఇల్లు కొన్నా నేను ఒకే మాట అడుగుతాను: హీటరుకు నీళ్లు కట్టేసే వాల్వు, కరెంటు బ్రేకరు లేదా గ్యాసు వాల్వు, ఈ రెండూ ఎక్కడున్నాయో మీ ఇద్దరికీ తెలుసా? భర్తకు ఒక్కడికే తెలిస్తే చాలదు, అతను ఆఫీసులో ఉన్నప్పుడు కూడా ట్యాంకు కారవచ్చు. రెండింటికీ రంగు టేపు చుట్టి పెట్టండి. నీళ్లు తగిలితే కూత పెట్టే చిన్న అలారం ఒకటి కొని ట్యాంకు కింద పెట్టండి. ట్యాంకు పక్కన బియ్యం బస్తాలు, సూట్‌కేసులు వద్దు. గ్యాసుదైతే పెయింటు డబ్బాలు, పెట్రోలు అసలే వద్దు.

ఏటా ఒకసారి అడుగున చేరిన సున్నాన్ని కడగాలి. ఇది మీరు చేసుకోవచ్చు. బ్రేకరు దించండి, గ్యాసుదైతే డయల్‌ను ‘పైలట్’ అన్న గుర్తు దగ్గర పెట్టండి. నీళ్లు కొన్ని గంటలు చల్లారనివ్వండి. చల్లనీళ్ల వాల్వు కట్టేసి, కింది కుళాయికి తోట గొట్టం తగిలించి డ్రెయిన్‌లోకి వదలండి. పైన ఒక వేడినీళ్ల కుళాయి తెరిస్తేనే గాలి ఆడి నీళ్లు దిగుతాయి. ఖాళీ అయ్యాక చల్లనీళ్లను కాసేపు వదులుతూ ఆపుతూ ఉంటే అడుగున సున్నం లేచి వచ్చేస్తుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా చేసి, కింది కుళాయి కట్టేసి ట్యాంకు నింపండి. పైన తెరిచిన కుళాయిలో గాలి లేకుండా ధార నిలకడగా వచ్చాకే కరెంటు వేయాలి. ట్యాంకు నిండకముందు వేస్తే కాయిల్ క్షణాల్లో కాలిపోతుంది. పదేళ్లుగా ఎవరూ కడగని ట్యాంకు జోలికి మాత్రం మీరు పోకండి. ఆ కుళాయి తెరిస్తే మళ్లీ మూతపడకపోవచ్చు.

మా గీజరులో తీగలా మిగిలిన కడ్డీ అక్కడి ట్యాంకులోనూ ఉంటుంది. మెగ్నీషియందో అల్యూమినియందో అయి ఉంటుంది. తుప్పు ట్యాంకును తినకుండా తనను తినమని దాన్ని పెడతారు. రెండు మూడేళ్లకొకసారి చూసి, అరిగిపోతే మార్పించాలి. చాలామంది ఇళ్లలో ట్యాంకు పోయేదాకా దాన్ని ఎవరూ చూడరు. ట్యాంకు ఆయుష్షు మాత్రం దాని మీదే ఉంది. వేడినీళ్లకు మాత్రమే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే అదీ ఆ కడ్డీకీ నీళ్లలోని బ్యాక్టీరియాకూ మధ్య జరిగేదే. జింకు కలిసిన కడ్డీ వేయిస్తే చాలాసార్లు పోతుంది.

ట్యాంకు పక్కన ఇత్తడి వాల్వు, దాని నుంచి నేలదాకా ఒక పైపు ఉంటాయి. లోపల వేడి 210 డిగ్రీల ఫారన్‌హీటో, ఒత్తిడి చదరపు అంగుళానికి 150 పౌండ్లో దాటితే అదే తెరుచుకొని మీ ఇంటిని కాపాడుతుంది. అది కారుతోందని ఎవరైనా బిరడా పెడతానంటే ఒప్పుకోవద్దు. ట్యాంకు బాంబులా పేలవచ్చు. కారుతుంటే వాల్వు పోయిందో, నీళ్లు కాగి ఉబ్బినప్పుడు పట్టే చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు లేదో చూడమనండి.

గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, అక్కడ ఫోన్ కూడా చేయకుండా పాపతో సహా బయటికి వెళ్లి, దూరంగా నిలబడి గ్యాసు కంపెనీకి చేయండి. పొగగొట్టం ఊడితే వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. పడకగదుల దగ్గర దానికి అలారం తప్పదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఇవేవీ ముట్టుకోనక్కర్లేదు. చాలా రాష్ట్రాల్లో వేడినీళ్లు ఇవ్వడం యజమాని బాధ్యత, ఫోన్‌తో సరిపెట్టకుండా ఈమెయిల్ కూడా రాయండి.

రెండు రోజులకు ఆ అబ్బాయి ఫోటోలు పంపాడు. కింది కాయిల్ మార్చారు. తీసిన పాతదాని మీద మా గీజరు కాయిల్ మీద ఉన్నట్టే తెల్లటి గార. స్టిక్కరు మీద సీరియల్ నంబరును బట్టి ట్యాంకు వయసు తొమ్మిదేళ్లు. వదిన ఫోటో చాలాసేపు చూసి, "ఇది మన నీళ్ల సున్నమే కదయ్యా" అంది. కడ్డీ మార్చాల్సింది ఇంకా ఉంది, వాల్వుకు టేపు చుట్టాడు. రేపు సాయంత్రం అతని భార్యతో మాట్లాడతాను, వాల్వు ఎక్కడుందో ఆ అమ్మాయి ఇంకా చూడలేదంట.